తప్పు ఆ పాటలది కాదు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోట్లోంచి వచ్చేటప్పుడు అది ఒక్క మాటే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మల్కాపురంలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ ఒకటుండేది. వాళ్ల కంప్యూటర్లు నేనే చూసేవాణ్ని. నిజానికి నేను నేర్చుకున్నది ఫోన్లు బాగుచేయడం. నెట్‌వర్కు పని చూసి చూసి పట్టుకున్నాను, అంతే. భీమిలి నుంచి మాటిమాటికీ బస్సెక్కి రావడానికి బద్ధకమేసి, ఇంట్లోంచే వాళ్ల కంప్యూటర్ తెరుచుకునేలా పెట్టుకున్నాను. పాస్‌వర్డు ల్యాబ్ పేరు, పక్కన ఒకటి రెండు మూడు.

ఒకసారి ల్యాబ్ ఓనరు నెట్‌వర్కు చదువే చదివిన ఇంజనీరమ్మాయిని పిలిపించారు. పది నిమిషాలు చూసి, ఈ దారి ఇవాళే మూసేయాలంది. ఆయన నన్నడిగారు. ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా, భయపెడితేనే కదండీ వాళ్లకు పని దొరికేది అని నవ్వాను. నన్నే నమ్మారు. నాకు తెలియదు అనడం అంత కష్టమా? అప్పుడు కష్టంగానే ఉంది.

రెండు నెలలకు ఎవడో ఆ దారినే కంప్యూటర్లలోకి చొరబడ్డాడు. ఏళ్లనాటి రిపోర్టులు ఒక్కటీ తెరుచుకోకుండా తాళం వేసేశాడు. పాతది చూడకుండా ఊపిరి ఎంత తగ్గిందో చెప్పలేనని డాక్టరంటే, పరీక్షకొచ్చిన వెల్డింగు పనివాళ్లు కౌంటరు దగ్గర అలా నిలబడిపోయారు.

ఆ కౌంటర్లో కూర్చునే రమణమ్మ గారు రోజూ పొద్దున్నే పెన్‌డ్రైవ్ పెట్టి భక్తి పాటలు వేసేవారు. ఎలా జరిగిందని ఓనరు అడగ్గానే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను ఆ పెన్‌డ్రైవ్ చూపించాను. ఆమె ఉద్యోగం ఆ పూటే పోయింది.

వెళ్తూ గుమ్మంలో ఆగారు.

“బాబూ, నిజంగా నా పాటల వల్లేనేటి?”

“మరేటనుకున్నావ్ పిన్నీ? వైరస్ అందులోంచే వచ్చింది.”

“అయ్యో, తెలీక సేసీసేను. నీకూ మాటొచ్చుంటాది. ఏటనుకోకు బాబూ.”

నాకు క్షమాపణ చెప్పి వెళ్లారు. నాకు!

మొన్న కూర్మన్నపాలెం బస్టాపులో కనిపించారు. మళ్లీ ఏం పాడుచేస్తానోనని ఇంట్లో కూడా పాటలు పెట్టడం లేదట, ఫోను కూడా ముట్టుకోరట. చెప్పేద్దామని నోరు తెరిచాను. బస్సొచ్చింది, ఎక్కేశారు. బస్సు రాకపోయుంటే చెప్పేవాణ్నా? ఏమో.

కంప్యూటర్ల పని మానేశాను. ఎవరైనా పిలిస్తే ఆ ఇంజనీరమ్మాయి నంబరిస్తున్నాను. దాంతో రమణమ్మ గారికి ఒరిగిందేమీ లేదు.

ఇది ఆమె చదవరు. అయినా ఒక్కచోటైనా నిజం ఉండాలి. తలుపు తెరిచిపెట్టింది నేను. రమణమ్మ గారి పాటల్లో ఏ దోషమూ లేదు.