ఒడిలో పత్తి

ఈ వయసులోనూ సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను. అప్పుడల్లా కంపెనీ దొరలు వేసిన రోడ్డు మీద పళని వైపు నుంచి వాడిపట్టికి చిన్నప్పుడు నేనొచ్చిన ఎడ్లబండి గుర్తుకొస్తుంది.

అప్పుడు నా కుడికంట్లో లేచిన పుండుకు చీము ఆగింది గానీ దురద వదల్లేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నా చెయ్యి దానంతటదే పైకి పోయేది. బండిలో పక్కనున్న పెద్దావిడ నా మణికట్టు పట్టుకుంది. ఆమెది కోయంబత్తూరు వైపు తెలుగు.

"నలపద్దు అమ్మణీ. కంటిమీద కొత్త పొర పడతా ఉండాది, పాలమీగడ మాదిరి. చెయ్యి తగిల్తే పోతాది."

చెప్పి ఊరుకోలేదు. మూటలోని పత్తి నా ఒడిలో పోసింది.

"సుమ్మా, ఊరికే కూర్చోవద్దు. గింజలు తియ్యి."

కళ్ళు మూసుకునే తీశాను. గింజ వేళ్ళకు తగలడం, దూది ఊడిరావడం, మళ్ళీ ఇంకొకటి. ఆకలంటే అటుకులు తనే నా నోట్లో పెట్టింది గానీ చేతులు మాత్రం ఖాళీ కానివ్వలేదు. దురద సంగతే మరిచిపోయాను.

వాడిపట్టి చేరేసరికి ఎండ తగ్గింది. మెల్లగా కన్ను తెరిచాను. నేను వదిలేసిన గింజల కోసం ఆమె దూదిని ముఖానికి దగ్గరగా పట్టుకుని వెతుకుతోంది. ఆమె కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పడి ఉంది.

నేను చూడడం చూసి నవ్వింది.

"నాకు ఇట్నే వచ్చినప్పుడు, నా చేతికి పని ఇచ్చినోళ్ళు లేరు అమ్మణీ."