చదవనిదే ఒప్పుకోని కాటయ్య

కాటయ్య చదవకుండా దేనికీ ఒప్పుకోడు. మిర్యాలగూడ బస్టాండు వెనక వీధిలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. బస్సు టికెట్టు మీది సన్నక్షరాలు చదివితేగాని సీట్లో కూర్చోడు. మందు సీసా మీద రాసిందంతా చదివి మూత తీసేలోపు జ్వరం దానంతటదే తగ్గిపోతుంది. తన పెళ్లిలో ప్రతి మంత్రానికీ "దీనర్థం ఏంది పంతులూ, నేను దేనికి ఒప్పుకుంటున్న?" అని అడిగి, పెట్టిన ముహూర్తం దాటించి, పక్క పందిట్లో వాళ్ల ముహూర్తానికి తాళి కట్టాడని చెప్పుకుంటారు.

అలాంటి మనిషి కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. కొత్త కంప్యూటరు మొదటిసారి వెలిగించగానే తెర మీద బారెడు ఒప్పందం వస్తుంది కదా, కింద 'ఒప్పుకుంటున్నాను' అనే బొత్తాంతో? లోకమంతా ఆ బొత్తాం నొక్కి ముందుకు పోయింది. కాటయ్య ఒక్కడే ఆగిపోయాడు. కొన్నవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా తెలుగులో చెప్పేవాడు. మధ్యలో వాళ్లు వెళ్లి టీ తాగి, క్షవరం చేయించుకుని వచ్చినా ఇంకా తొమ్మిదో పేజీలోనే ఉండేవాడు.

"ఇగ ఇను. కంప్యూటర్ నీది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ మాత్రం నీది గాదు, వాడుకోనిస్తున్నరు, గంతే."

"పైసలిచ్చిన గదనే?"

"గొర్రెను కొన్నవ్, తోలుకపోయినవ్. గానీ అది ఏ చేనుల మెయ్యాల్నో అమ్మినోడే చెప్తడట. ఒప్పుకుంటున్నవా?"

"ఒప్పుకోకుంటే?"

"మెయ్యదు."

కాటయ్యది గరిడేపల్లి దగ్గర తరతరాలుగా గొర్రెలు కాసిన ఇల్లు. అందుకని ఏ ఒప్పందమైనా ఆయన నోట చివరికి గొర్రె దగ్గరికే చేరేది.

ఎదురు దుకాణం తులసీరాంది. అద్దాల తలుపు, ఏసీ, తిరిగే కుర్చీలు. పది నిమిషాల్లో కంప్యూటరు సిద్ధం చేసి చేతిలో పెట్టేవాడు. ఒప్పందం వస్తే అటు కన్నెత్తయినా చూడకుండా నొక్కేసేవాడు. అయినా జనం ఎక్కడ? కాటయ్య రేకుల కొట్టులో. అద్దంలోంచి ఆ గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టడమే తులసీరాంకు పొద్దున్నుంచి పని. పదకొండు జతలు కనిపించిన రోజు అతనికి అన్నం సహించలేదు.

"ఏముందే ఆయన దగ్గర? పురాణం చెప్తుండా?" అన్నాడు భార్య నీరజతో.

"చెప్తడు. మొన్న నేను గూడ పోయి కూసున్న. మంచిగ చెప్తడు."

తులసీరాం కంచం ముందు నుంచి లేచిపోయాడు.

దీనికి తోడు ఇంకొకటి. ఎక్స్చేంజి కింద తీసుకున్న పాత కంప్యూటర్లను తులసీరాం ఇనుప సామాన్ల కొట్టుకు వేసేవాడు. కాటయ్య వాటిని ఒక్కొక్కటే కొనుక్కుని సైకిలు మీద తెచ్చుకునేవాడు. "నా డబ్బాల పార్టులు పీక్కుని బతుకుతుండు" అని తులసీరాం బజారంతా చాటాడు. కాటయ్య ఎదురుపడితే "బాగున్నవా తమ్మీ" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే తులసీరాంకు ఒళ్లు మండేది.

ఇట్లా ఉండగా 2008 శ్రావణం వచ్చింది, దానితోపాటు పుష్పాబాయి వచ్చింది. ఆమె దామరచర్ల పక్క తండాలో అంగన్‌వాడీ టీచరు. తులసీరాం పుట్టిందీ ఆ తండాలోనే. లంబాడీల తీజ్ పండుగ తొమ్మిది రోజులూ ఆడపిల్లలు మొలకల బుట్టల చుట్టూ ఆడాలంటే ఆమె తల్లి సుక్కి పాడాల్సిందే. మూడేళ్ల కింద ఆ పాటలన్నీ పాడించి పుష్పాబాయి ఒక సీడీ చేయించింది. దాన్ని ఆమె కంప్యూటరులోకి ఎక్కించింది తులసీరామే. ఎక్కిస్తుంటే, పాటలకు రక్షణ కావాలా అని అడిగింది యంత్రం. రక్షణ వద్దనేవాడు ఉంటాడా? టిక్కు పెట్టాడు. తాయెత్తు కట్టినంత తృప్తిపడి, "ఇగ నీ పాటలకు ఏం గాదు చెల్లె. రక్షణ పెట్టిన, ఫ్రీగ" అన్నాడు.

అంత రక్షణ దొరికాక సీడీతో పనేముంది? ఇంట్లోవాళ్లు దాన్ని జొన్న చేలో పిట్టల బెదిరింపుకు కట్టారు. ఆ తరువాతి ఏడాది సుక్కికి గొంతు ఆపరేషన్ అయింది. మనిషి నిక్షేపంగా ఉంది. మాట పోయింది.

ఇక ఈ శ్రావణంలో, తీజ్ నాలుగు రోజులు ఉందనగా, తులసీరాం పుష్పాబాయికి కొత్త ఆపరేటింగ్ సిస్టం ఉన్న కొత్త కంప్యూటరు అమ్మాడు. పాటలు అందులోకి కాపీ చేసి, పాత డబ్బాను ఇనుప కొట్టుకు పంపేశాడు. మర్నాడు పొద్దున్నే పుష్పాబాయి ఆటో దిగింది, కొత్త డబ్బాతో సహా.

"అన్నా, పాట నొక్కితే నీకు హక్కు లేదంటుంది!"

"ఏ పాట?"

"మా అమ్మ పాట! మా అమ్మ పాట మీద మా అమ్మకు లేని హక్కు ఎవలికున్నది?"

తులసీరాం నొక్కనిది లేదు. ఏసీలో చెమటలు పట్టాయి. రక్షణంటే ఆ పాట పాత కంప్యూటరు గడప దాటకుండా కట్టేయడమని అప్పటికి బుర్రకెక్కింది. దొంగలు రాకుండా తాళం వేశాననుకున్నాడు. ఇంటావిడను బయట పెట్టి వేశాడు. తన టిక్కు వల్ల తీజ్ పాట లేకుండా పోయిందంటే, పుట్టిన తండాలో ఇక తలెత్తుకోగలడా?

"రేపు రా చెల్లె, సూస్త" అన్నాడు. ఆమె డబ్బా ఎత్తుకుని తిన్నగా రోడ్డు దాటింది. కాటయ్య గుమ్మం ముందు ఇంకో జత చెప్పులు చేరాయి. అవీ సొంత తండా మనిషి చెప్పులు! తులసీరాం కూర్చోలేక, స్క్రూడ్రైవర్ అడిగే వంకతో తానూ వెళ్లి తలుపు పక్కన నక్కాడు.

లోపల అల్మారా నిండా తన డబ్బాలే, తన స్టిక్కర్లతోనే. ఒక్క పార్టు పీకలేదు. ఒక్కో దాని మీద ఎవరిదో పేరు రాసిన చీటీ. పుష్పాబాయి పాత డబ్బా అప్పటికే బల్ల మీద వెలుగుతోంది.

"పాట గీ డబ్బలనే పాడ్తది చెల్లె, బయటికి రాదు" అంటున్నాడు కాటయ్య. "అందుకని దీని స్పీకర్ వైరు తీసి గీ టేప్ రికార్డర్ల పెడ్తం. ఇది పాడ్తది, అది రికార్డ్ జేస్తది. అన్ని పాటలు పూరాగ పాడాలె. సాయంత్రమైతది."

"హక్కు లేదన్నది గదన్నా, తప్పు గాదా?"

"పాడినామెనే అడుగుదాం" అని కాటయ్య ఫోను చేశాడు. "సుక్కమ్మా, నీ పాటలు నీ బిడ్డకిస్తున్న. ఒప్పుకుంటున్నవా? ఒప్పుకుంటే ఫోన్ మీద ఒక్కసారి కొట్టు."

అవతల డప్పు మోగినట్టు మోత మొదలై ఆగలేదు. పుష్పాబాయి పకపకా నవ్వి, "నా పాత డబ్బ నీకాడికెట్ల వచ్చిందన్నా?" అంది.

తులసీరాం తలుపుకు ఇంకా అతుక్కుపోయాడు. అయిపోయింది, ఇక బజారున పడ్డట్టే.

"తులసీరాం పంపిండు. 'అండ్ల జనాల పాటలున్నయన్నా, పారేస్తే ఆగమైతరు, దాసిపెట్టు' అన్నడు. గీ అల్మారలయన్ని ఆయన పంపినయే."

సాయంత్రం ఆమె పాటలు పట్టుకుని వెళ్లగానే తులసీరాం లోపలికి దూసుకొచ్చాడు.

"ఎందుకన్నా అబద్ధం చెప్పినవ్?"

"నిజం చెప్తే నీ దుకాణం బందైతది. ఇంకో దుకాణం లేకుంటే కొనేటోడు యాడికి పోతడు తమ్మీ? నేనేది సదివితే దానికి తలకాయ ఊపాలె. అది మంచిగుంటదా?"

"మరి గీ డబ్బలు?"

"పదిహేడో పేజీల రాసున్నది, రక్షణ పెడితే పాట ఆ డబ్బకే కట్టుబడి ఉంటదని. సదివిన నాడే అనుకున్న, ఎవలో ఒకరు ఏడ్సుకుంట వస్తరని."

"నువ్వు పార్టులు పీక్కుంటున్నవని బజారంత చెప్పిన గదన్నా!"

"ఇన్న. ఇనుప కొట్టోడు గది నమ్మే నాకు సగం ధరకిస్తుండు" అని నవ్వాడు కాటయ్య.

తులసీరాంకు సిగ్గు కలిగింది, నిజమే. కానీ సిగ్గు కంటే ముందు కుళ్లు వచ్చింది. మంచితనంలో కూడా ఈయనే ముందుండాలా?

తీజ్ మొదటి రోజు తండాలో మైకులోంచి సుక్కి పాట మోగింది. ఆడపిల్లలు బుట్టల చుట్టూ ఆడుతుంటే సుక్కి మంచం మీద కూర్చుని, తన పాటకు తనే తాళం వేస్తూ మురిసిపోయింది. పుష్పాబాయి అందరి ముందూ తులసీరాంకు శాలువా కప్పి, "మన తండా బిడ్డ తీజ్ నిలబెట్టిండు" అంది.

తులసీరాం ఇక ఆగలేకపోయాడు. మైకు గుంజుకున్నాడు. "ఆ పేరు నాది గాదు చెల్లె! డబ్బ దాసింది కాటయ్యన్న. నేను ఇనుప కొట్టుకు ఏసిన. పాటకు తాళం ఏసింది గూడ నేనే!"

పుష్పాబాయి కళ్లు చెమర్చాయి.

"కాటయ్యన్న ముందుగాలనే చెప్పిండన్నా. 'తులసీరాంకు పొగిడితే గిట్టదు, తప్పంత మీదేసుకుంటడు, నమ్మకు' అన్నడు. ఎంత మంచోనివన్నా నువ్వు!"

ఆమె ఇంకో శాలువా తెచ్చి కప్పింది. తండాకు తండా చప్పట్లు కొట్టింది. అందరికంటే వెనక నిలబడి అందరికంటే గట్టిగా కొడుతున్న కాటయ్యను చూసి, రెండు శాలువాల కింద తులసీరాం మళ్లీ కుళ్లుకున్నాడు.