మేష్ట్రు విప్పిన మంచి కుట్టు

నెట్టికంటప్ప మేష్ట్రుకు కుట్టు కనబడితే విప్పకుండా ఉండలేని జబ్బు. చొక్కాదా, సంచిదా, సొంతమా, పరాయిదా అన్న పట్టింపు లేదు. కాస్త వంకర కనబడితే చాలు, జేబులోంచి అర బ్లేడు బయటికొస్తుంది. బళ్లారిలో ఇంతమంది ఇంకా ఒంటిమీద బట్టతో తిరుగుతున్నారంటే, పగలంతా ఆయనకు కంటోన్మెంటులో ఉద్యోగం ఉండబట్టే. ఇంట్లో భార్య ఉచ్చంగెమ్మ దిండ్లకు గుండీలు పెట్టుకుంది.

ఒకసారి సిరిగేరి నుంచి వడ్ల లారీలో వస్తూ, మూట కుట్టు వంకరగా ఉందని విప్పాడు. ఒక్క మూటతో ఆగితే ఆయన నెట్టికంటప్ప ఎందుకవుతాడు? బళ్లారి చేరేసరికి లారీలో మిగిలింది డ్రైవరూ మేష్ట్రూ. ఆ దారి పిచ్చుకలు నేటికీ లారీ హారన్ వినబడితే వరస కట్టి కూర్చుంటాయని ఆయన శిష్యుడు మౌనేష్ ఒట్టేసి చెబుతాడు.

మేష్ట్రు ఉద్యోగం దివ్యాంగులకు పని నేర్పే సర్కారు కేంద్రంలో. జీన్స్ కుట్టడం నేర్పడం, నేర్చినవాళ్లను ఊళ్లోని యూనిట్లలో పనికి పెట్టించడం. మౌనేష్ కుడికాలికి పుట్టుకతోనే సత్తువ లేదు. పదో తరగతి మధ్యలో వదిలేశాడు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. వారంలో మేష్ట్రునే మించిపోతానని అందరికీ చెప్పుకుని చేరాడు. మొదటి జేబు కుట్టాడో లేదో, మేష్ట్రు విప్పేశాడు.

"ఏంది మేష్ట్రే, బాగుండాది కదా?"

"బాగుండాదని ఎవురు చెప్పిరి?"

"చూసేదానికొచ్చిన పెద్దమనుషులు. ఇట్లాంటి కాలితో ఎంత బాగా కుట్టినాడో, పాపం అనిరి."

"పాపం అనిరి కదా, అందుకే ఇప్పినా. ప్యాంటు కొనేవాడు నీ కాలు చూడడు లేయ్, కుట్టు చూస్తాడు. మళ్లీ కుట్టు."

కుట్టాడు. విప్పాడు. చివరికి మౌనేష్ మిషను దగ్గర కూర్చుంటే చాలు, గుడ్డముక్కలు భయపడి వాటంతటవే అతుక్కునేవట.

నేర్చుకోవడం అయింది. ఇక పని దొరకాలి. దొరకకపోతే మళ్లీ బ్రూస్‌పేటలో అన్న అంగడి ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్ల చెప్పులు చూసే బతుకే. మేష్ట్రు వాణ్ణి వెంటబెట్టుకుని చిదానంద సావ్కారు జీన్స్ యూనిట్‌కు పోయాడు. బొంబాయి నుంచి సేటు సరుకు చూడ్డానికి వస్తున్నాడని సావ్కారు ఆ రోజు కొత్త శాంపిల్ ప్యాంటు తొడుక్కుని, పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు.

"మోటరు మిషను ఈ కాలితో యాడ తొక్కుతాడప్పా?"

"ఎడంకాలితో తొక్కుతాడు సావ్కారే. పెడలు కొంచెం ఎడమకు జరిపితే చాలు. ఒక జేబు కుట్టించి చూడప్పా."

"యాకప్పా మనకు రిస్కు? పాపం, పండక్కి బట్టలిస్తాలే. టీ తాగించి తోలుకుపో."

'పాపం' చెవిన పడగానే మేష్ట్రు చెయ్యి జేబులోకి పోయింది. మౌనేష్ ఆ చెయ్యి పట్టుకోబోయాడు.

"వద్దు మేష్ట్రే!"

"సావ్కారే, ఒక్క తూరి అట్ల తిరుగప్పా. నీ ప్యాంటు వెనకాల కుట్టు దారి తప్పిండాది."

కుట్టు మాట వింటే తిరిగి చూసుకోని జీన్స్ సావ్కారు బళ్లారిలో ఇంకా పుట్టలేదు. చిదానంద తిరిగాడు. పర్‌ర్‌ర్! నడుం పట్టీ నుంచి కిందిదాకా ఒకటే గీత.

యూనిట్‌లో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్లు నోట్లో కొంగులు కుక్కుకున్నారు. సావ్కారు గోడకు బల్లిలా అతుక్కున్నాడు. అప్పుడే కింద కారు హారన్ మోగింది.

"సేటు వచ్చినాడు! ఎవురన్నా కుట్టండే!"

"నవ్వుతో వీళ్ల చేతులు ఆడేట్లు లేవు సావ్కారే. మౌనేష్ ఉండాడు కదా."

సావ్కారు గుడ్డ తానుల వెనక దాక్కున్నాడు. ప్యాంటు గాల్లో ఎగిరి వచ్చింది. మౌనేష్ పెడలు ఎడమకు జరిపాడు, ఊపిరి బిగబట్టాడు, తొక్కాడు. మిషను గుర్రమై లేచింది! సేటు రెండు అంతస్తులు ఎక్కేలోపు కుట్టు మీద కుట్టు పడి, దారం తెగి, ప్యాంటు సావ్కారు నడుముకెక్కింది.

సేటు వచ్చాడు. సావ్కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వెనకాల ఆగి, కుట్టు మీద వేలు పెట్టి తడిమాడు.

"పక్కా! నా సరుకంతా ఇట్లాగే కావాలి" అన్నాడు సేటు హిందీలో.

సావ్కారు మౌనేష్ వైపు తిరిగాడు. "రేపటినుంచి పనికి వచ్చెయ్యప్పా. జీతం అందరితో సమానం." తర్వాత గొంతు తగ్గించాడు. "మీ మేష్ట్రును మాత్రం గేటు లోపలికి తేవద్దు."

తిరుగు ఆటోలో మౌనేష్ నోటికి పట్టపగ్గాల్లేవు. ఆ కుట్టును ఏనుగు లాగినా తెగదట. మేష్ట్రు మాత్రం ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏంది మేష్ట్రే, అట్లుండారు?"

"ఆ కుట్టు బాగుండె లేయ్."

"నాదే కదా!"

"నీది కాదు. నేనిప్పింది. గీత గీసినట్లుండె. బుద్ధి తెలిసినప్పటినుంచి మంచి కుట్టు ఇప్పింది ఇదే మొదలు."

మేష్ట్రు నిట్టూర్చి ముందుకు చూశాడు. ముందు సీట్లో డ్రైవరు ఖాకీ చొక్కా కాలరు. కుట్టు కొంచెం పక్కకు పోయింది.

మౌనేష్ ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"ఇప్పుకోండి మేష్ట్రే. కుట్టేదానికి నేనుండా కదా."