మా ఆయనను సెంటర్ హాఫ్ నుంచి తీయించాను

సుక్మా జట్టు మీద మా బాసగూడ జట్టు గెలిచిన సంగతి మా ఊళ్లో పెద్దవాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు. అది నా గారెల బాండీ దగ్గర మొదలైందని మాత్రం చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

అప్పటికి బస్తర్ ఇంకా సంస్థానమే. నాకు పెళ్లయి మూడేళ్లు. వారానికోసారి అంగడి రోజున గారెలు వేసి అమ్మేదాన్ని. నా పొయ్యి పక్కనే ఊరి దర్జీ మిషను పెట్టుకుని కూర్చునేవాడు. బదిలీ మీద వెళ్లిపోయిన రేంజరు ఒకాయన వదిలేసిన ఫుట్‌బాలు పిగిలినప్పుడల్లా ఆయనే కుట్టేవాడు. బంతి ఆయన చేతిలో ఉంది కాబట్టి జట్టు ముచ్చట కూడా ఆయన ముందే నడిచేది. ఎవరు ఆడాలి, ఎక్కడ నిలబడాలి అని అంగడికి వచ్చినవాళ్లంతా అక్కడ చేరి వాదించుకునేవాళ్లు. మా దిక్కున చేతులెత్తించి లెక్కపెట్టే అలవాటు లేదు. ప్రతి ఒక్కరూ ఊఁ అనాలి. ఒక్కడు తల అడ్డంగా ఊపినా ఆ మాట వచ్చే అంగడికి పోవలసిందే.

ఏటా సుక్మా మేళాకు మా ఊరి బేరగాళ్లు బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. ఆ బండ్లలోనే మా జట్టూ పోయేది. మేళా ఆఖరి రోజున సుక్మా వాళ్లతో ఆట. అప్పటికి వరసగా రెండేళ్లు ఓడి వచ్చాం. ఆ ఏడు బండ్లు కట్టడానికి ఇంకా మూడు అంగళ్లు ఉండగానే వాదన మొదలైంది.

ఆ రోజుల్లో ముందు ఐదుగురు, నడుమ ముగ్గురు, వెనక ఇద్దరు, గోల్లో ఒకడు ఆడేవాళ్లు. నడిమి ముగ్గురిలో మధ్యవాణ్ణి సెంటర్ హాఫ్ అనేవాళ్లు. ఆ సెంటర్ హాఫ్ మా ఆయనే. ఆయన పరుగు చూసి తీరాలి. బంతి ఎక్కడుంటే అక్కడ తయారు. జనం శెభాష్ అంటే నాకూ ముచ్చటేసేది. కాని రెండేళ్లు మైదానం అంచునే గారెలు అమ్ముతూ చూసినదాన్ని కదా, ఒకటి కనిపెట్టాను. ఆయన బంతి వెంట పడి పోయిన ప్రతిసారీ నడుమ అంతా ఖాళీ. సుక్మా వాళ్లు ఆ ఖాళీలోంచి తాపీగా వచ్చి గోలు కొట్టేవాళ్లు.

"ముందటోళ్లను ఇద్దర్ని ఎనకకు గుంజుదాం," అన్నాడొకడు.

"గుంజితే గోలు ఎవడు కొడతడు? మీ మామనా?" అన్నాడు ఇంకొకడు.

"నడిమిట్ల మనోడు ఉన్నడు గద," అన్నాడు దర్జీ మా ఆయనను చూపిస్తూ. "గంత ఉరికేటోడు ఈ తహసీల్ల ఇంకెవడన్న ఉన్నడా?"

నా నోరు ఊరుకుంటే కదా. "ఆ ఉరుకుడే మనల్ని ముంచుతున్నది," అన్నాను, గారె తిరగేస్తూ.

"ఏందే కోడలా?" దర్జీ మిషను ఆపాడు.

"మా ఆయనను అంచుకు పంపుండ్రి, ఉరకనియ్యుండ్రి. నడిమిట్ల మాత్రం ఉరకనోడు కావాలె. నాకు అడ్డాకులు తెచ్చే తర్రెం ఆయనను పెట్టుండ్రి."

అందరూ ఘొల్లుమన్నారు. మా ఆయన అక్కడే కూర్చుని నా గారెనే తింటున్నాడు. నోట్లోది నమలడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆయనది మా పక్క అడవిలోని తర్రెం ఊరు, దొర్ల తెగ మనిషి. అంగడి సద్దుమణిగాక కుర్రకారు ఆడుతుంటే, తన దగ్గరికి వచ్చిన బంతిని ఒక్క తన్నుతో అంగడి ఆ చివరికి పంపేవాడు. నేను ఆయన పేరు ఎత్తింది అందుకు కాదు. విత్తనాల పండగప్పుడు వాళ్ల ఊళ్లన్నీ కలిసి పెద్ద వేటకు పోతాయి. సగం మంది కేకలేస్తూ జంతువులను తోలితే, మిగతావాళ్లు అవి వచ్చే దారులు పసిగట్టి కదలకుండా కాచుకుని నిలబడతారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. తర్రెం ఆయన మీద ఒక్క చుక్క కూడా పడలేదని అక్కడి ఆడవాళ్లే నాకు చెప్పారు. జంతువు ఎటు వస్తుందో ముందే తెలిసినవాడికి బంతి ఎటు వస్తుందో తెలియదా అని నా లెక్క.

మొదటి అంగడిలో నవ్వినవాళ్లు రెండో అంగడికి ఆలోచనలో పడ్డారు. మూడో అంగడికి అందరూ ఊఁ అన్నారు, ఒక్క మా ఆయన తప్ప. ఆయన అనకపోతే మాట తెగదు. అందరూ ఆయన మొహం వంకే చూస్తున్నారు. ఆఖరికి ఉమ్మేసినట్టు "ఊఁ" అన్నాడు.

"ఓడితే మాట నీ మీదనే, కోడలా," అన్నాడు దర్జీ.

అప్పటినుంచి మా ఆయన నాతో మాట్లాడితే ఒట్టు. జగర్గుండ మీదుగా మూడు రోజుల బండి ప్రయాణం. దారంతా ఎడ్లను పలకరించాడు, నన్ను పలకరించలేదు. పెట్టింది తిన్నాడు, లేచిపోయాడు. పైకి బింకంగా ఉన్నాను గాని లోపల ఒకటే గుబులు. పదిమందిలో మొగుడి చోటు ఊడగొట్టింది నేను. ఓడిపోతే ఆ మొహం ఏళ్ల తరబడి నేనే చూడాలి.

ఆట మొదలైంది. తర్రెం ఆయన నడుమ నిలబడ్డాడు. సుక్మా వాళ్లు ఎటు తిప్పినా బంతి ఆయన కాళ్ల దగ్గరికే వచ్చేది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో ఒక బంతి ఆయనను దాటిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, అంతే. అడుగు తీసి అడుగు వేయలేదు. గోలు పడింది.

"చెట్టును తెచ్చి నాటినవు గదే కోడలా!" అని దర్జీ నా మీద విరుచుకుపడ్డాడు.

సగం ఆట అయ్యాక అందరూ అంబలి తాగడానికి నా పొయ్యి దగ్గరికి వచ్చారు. తలా ఒక మాట ఆయనను తిడుతున్నారు. అంగడిలో నేర్చుకున్న దొర్ల మాటల్లో నేనే అడిగాను, ఎందుకు ఉరకలేదని.

"దాటిపోయింది నా ఎనక నిలబడ్డోనిది," అన్నాడాయన, అదేం ప్రశ్న అన్నట్టు. "నేను ఉరికితే వాని బాణానికి అడ్డం పోత. ఆ ఇద్దరు గోలు కాడనే ఉన్నరు, నా ఎనకనే మీరు ఎవ్వర్నీ నిలబెట్టలే."

అందరికీ తెలుగులో చెప్పాను. వేటలో ఒక్కణ్ణే దారికి కాపలా పెట్టి చేతులు దులుపుకునేవాడు ఉంటాడా? మేము చేసిన పని అదే. మా ఆయన అంబలి గిన్నె కింద పెట్టాడు. మిగతా ఇద్దరు హాఫులను పిలిచి, తర్రెం ఆయన వెనక కుడికి ఒకణ్ణి, ఎడమకు ఒకణ్ణి నిలబెట్టాడు. తర్వాత తర్రెం ఆయన భుజం మీద చెయ్యి వేసి, "బంతి దొరికితే అంచుకు తన్ను అన్నా. నేను ఉరుకుత," అన్నాడు.

ఇక చూసుకోండి! తర్రెం ఆయనను తప్పించుకున్న బంతి ఆయన వెనక నిలబెట్టిన ఆ హాఫుల్లో ఒకరికి చిక్కేది. అక్కడినుంచి ఒక్క తన్నుతో అంచుకు. అంచున మా ఆయన. ఆయన పరుగును పట్టేవాడు సుక్మాలో పుట్టలేదు. మొదటిసారి ఆయన బంతి తెచ్చి ఇస్తే మా వాడొకడు కొట్టాడు. రెండోసారి ఎవరికీ ఇవ్వలేదు, తనే కొట్టాడు. రెండు గోల్స్‌కు ఒకటి! సుక్మా గడ్డ మీద మేము గెలిచాం! నేను గారెల బుట్ట వదిలేసి మైదానంలోకి ఉరికాను. ఆ రోజు గారెలు ఎవరు తిన్నారో నాకు తెలియదు, అడగలేదు కూడా.

తిరుగు దారిలో దోర్నపాల్ దగ్గర బండ్లు ఆగాయి. నీళ్లకు వచ్చిన బాటసారులు ఆట సంగతి అడిగితే దర్జీ గొంతు సవరించుకున్నాడు. "సెంటర్ హాఫును మార్చాలని నాకు ముందే తోచింది," అని మొదలుపెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపే మా ఆయన ఎడ్ల పలుపులు వదిలి ముందుకు వచ్చాడు.

"అబద్ధం చెప్పకు, మామా," అన్నాడు అందరి ముందర. "నన్ను నడిమిట్లకెల్లి తీసేసింది నా పెండ్లాం. ఆమె తీసిందే మంచిగయింది."

ఆ కాలంలో, అంతమంది మగవాళ్లలో, ఓ మగవాడు ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు. దర్జీ నీళ్ల చెంబు పట్టుకుని బండి చాటుకు పోయాడు. మా ఆయన నా వైపు తిరిగి, ఆరు రోజుల తర్వాత మొదటిసారి నన్ను పలకరించాడు.

"ఏమే, వచ్చే ఏడు గోల్ల ఎవర్ని పెడదాం?"