హెలికాప్టర్ దిగిన రోజే పండగ

సిటీవెస్ట్‌లో మా అపార్ట్‌మెంట్‌లో హాట్ ప్రెస్ అనే, బట్టలు వెచ్చగా ఉంచే అల్మారా తలుపు తీస్తే, తువ్వాళ్ల వెనక వేలాడే నాన్న పాత నారింజరంగు జాకెట్టు నుంచి డీజిలూ ఉప్పుగాలీ కలిసిన వాసన ఇప్పటికీ గుప్పుమంటుంది. పారేద్దామని అమ్మ పోరుతుంది, నేను ససేమిరా అంటాను. చిన్నప్పుడు ఆ వాసన గుమ్మంలోకి వచ్చిందంటే మా ఇంట్లో ఏదో ఒక పండగే.

నాన్న కోనసీమలో కొబ్బరితోటల మధ్య గ్యాస్ బావులు తవ్వేచోట పని నేర్చుకుని, నాకు మూడేళ్లప్పుడు మమ్మల్ని ఈ దేశానికి, సముద్రపొడ్డునున్న కార్క్ ఊరికి తీసుకొచ్చారు. తీరానికి ఆవల, సముద్రంలో ఇనుపకాళ్ల మీద నిలబడ్డ ప్లాట్‌ఫారం మీద రెండు వారాలు ఉద్యోగం, తర్వాత రెండు వారాలు ఇల్లు. అక్కడ తీసిన గ్యాస్ గొట్టాల్లో ఊళ్లోకి వస్తుంది కాబట్టి, స్టవ్ వెలిగించినప్పుడల్లా అమ్మ "మీ నాన్న పంపించారే" అనేది, నేను ఆ నీలిమంటకేసి చెయ్యూపేదాన్ని.

నాన్న లేకుండా పండగ చెయ్యడం అమ్మకి ఇష్టం లేదు. అందుకని పిండితో చేసిన వినాయకుడు ఫ్రిజ్ మీద తడిగుడ్డ కప్పుకుని రోజుల తరబడి కూర్చునేవాడు, దీపావళి ఒకసారి నిండు వెన్నెల్లో చేసుకున్నాం, పొగమంచు పట్టి నాన్నని ఒడ్డుకి తెచ్చే హెలికాప్టర్ ఎగరకపోతే బొబ్బట్ల పూర్ణం మరో రెండు రోజులు డబ్బాలో ఎదురుచూసేది. మామిడికాయ దొరకని ఆ రోజుల్లో ఉగాది పచ్చడిలోకి పుల్లటి కుకింగ్ యాపిలూ, అమ్మమ్మ పోస్టులో పంపిన గుప్పెడు ఎండు వేపపువ్వూ. పండగంటే హెలికాప్టర్ దిగిన రోజేనని నేను నిజంగా నమ్మాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మా నేనూ రైలెక్కి, ఇప్పుడు మేముంటున్న సిటీవెస్ట్ పక్కనే ఉన్న టాలట్‌లో తెలుగువాళ్ల ఉగాది సంబరానికి వెళ్లాం. "మా ఉగాది వచ్చే గురువారం" అని అక్కడ ఒక ఆంటీకి గొప్పగా చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, "నీకోసం ఆగుతుందేంటమ్మా, మొన్న మంగళవారమే అయిపోయింది" అంది. పరువు పోయింది. వాళ్లు కూడా మంగళవారం పండగని శనివారం చేస్తున్నారన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

మరుసటి ఏడు పట్టుబట్టాను. "నాకు రియల్ డేనే కావాలి, అమ్మా." అమ్మ చివరికి సరేనంది. ఆ రోజు ఇద్దరమే కూర్చున్నాం. పచ్చడి నోట్లో పెట్టుకున్నానో లేదో ప్లాట్‌ఫారం నుంచి నాన్న ఫోను. ఏం వండావని అడిగినట్టున్నారు, అమ్మ నా వైపు చూసి, "ఏవుందండీ, చారన్నం. మీరొచ్చాకే కదా పండగ" అంది. నేను చెంచా గిన్నెలో పెట్టేశాను. నా పంతం కోసం ఆయన్ని వదిలేసి పండగ తినేశాం, ఈ సంగతి తెలిస్తే నాన్న ఎంత చిన్నబుచ్చుకుంటారోనని ఏడుపొచ్చింది.

నాలుగు రోజులకి నాన్న వచ్చారు. మిగిలిన కాస్త వేపపువ్వుతో అమ్మ మళ్లీ పచ్చడి కలిపింది, మళ్లీ బొబ్బట్లు చేసింది. నేను అవే కొత్తబట్టలు మళ్లీ తొడుక్కుని, అప్పుడే మొదటిసారి తింటున్నట్టు చేదుకి మొహం వికారంగా పెట్టాను. నాన్న నవ్వుతూ రెండోసారి పెట్టించుకు తిన్నారు.

ఇప్పుడు అక్కడ గ్యాస్ అయిపోయింది. బావుల్లో సిమెంటు పోసి మూసేశారు, ప్లాట్‌ఫారాన్ని కోసి ఒడ్డుకి తెచ్చారు, కొత్తగా వెతకడానికి లైసెన్సులివ్వడం కూడా ప్రభుత్వం మానేసింది. మా అపార్ట్‌మెంట్‌లో స్టవ్వే లేదు, కరెంటు పలక మీద వంట. నాన్న రిటైరై అమ్మతో పాటు నా దగ్గరే ఉంటున్నారు. టాలట్ కొట్లో మామిడికాయ దొరుకుతుంది, పండగలన్నీ ఫోన్లో క్యాలెండర్ చెప్పిన రోజునే చేసుకుంటున్నాం. హాయిగానే ఉంది గానీ, ఎవరికోసమూ ఆగని పండగకి ఆ సందడి ఎక్కడిది?

ఈ ఉగాదికి పచ్చడి తింటూ, ఇన్నేళ్లూ దాచిన దొంగతనం నాన్న దగ్గర ఒప్పేసుకున్నాను. ఆయన తాపీగా గిన్నె అడుగు నాకి, "తెలుసులేవే, మీ అమ్మ చారన్నం అంటే నేను నమ్మలేదు" అన్నారు. "ఆ రోజు ఉగాదనే కదా నేను ఫోన్ చేసింది."