అన్ని పావులతో ఒక్క ఆట

నాకు కోపం తొందరగా వస్తుంది. ఓడిపోతే ఇంకా తొందరగా వస్తుంది. ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగులో ఈ సంగతి తెలియని డ్రైవరు లేడు. నంబరు వచ్చేదాకా అక్కడ గంటలకొద్దీ పడి ఉండాలి. కొందరు సీటు వాల్చి నిద్రపోతారు, కొందరు ఫోన్లో రీల్స్ చూస్తారు. మేం కొందరం మాత్రం కారు డిక్కీ తెరిచి అందులో చదరంగం పరుస్తాం. ఆ డిక్కీల దగ్గర నన్ను ఓడించినవాడు లేడు. ఒకరిద్దరు ఓడించామని చెప్పుకుంటారు గానీ నేను ఒప్పుకోను.

మా ఆటకు మా రూల్సే. సిపాయి ఎప్పుడూ ఒక్క గడే నడవాలి. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒకసారి గుర్రంలాగా దూకొచ్చు, చెక్ పడ్డా సరే. మా తాత మా బాపుకు, మా బాపు నాకు అలాగే నేర్పించారు. లోకమంతా అలాగే ఆడుతుందని అనుకునేవాణ్ణి.

శంషాబాద్‌లో నేను కిరాయికి ఉంటున్న ఇంటిని ఆనుకుని ఒక చర్చి, చర్చి వెనక పాస్టరుగారి ఇల్లు. వాళ్ళది కృష్ణా జిల్లా. ఒకరోజు మధ్యాహ్నం కారు కడుగుతూ డిక్కీలోని చదరంగం బోర్డు తీసి పిట్టగోడ మీద పెట్టాను. గోడకు అవతల పాస్టరమ్మ బట్టలు ఆరేస్తోంది.

"నువ్వు ఆడతావా బాబూ?" అని అడిగింది.

"ఆడుడేందమ్మా, పార్కింగుల నాకు ఎదురే లేదు," అన్నాను.

"అయితే రా, ఒక ఆట వేద్దాం."

వాళ్ళ వరండాలో స్టూలు మీద పావులు పేర్చింది. అన్నీ పేర్చి తన మంత్రిని మాత్రం తీసి డబ్బాలో పడేసింది. నేను బిత్తరపోయాను.

"ఏందమ్మా గిది? మంత్రి లేకుంట ఎట్ల ఆడుతరు?"

"ముందు ఇలా ఆడదాం. నువ్వు గెలిస్తే మంత్రిని పెట్టుకుని ఏనుగును తీసేస్తాను. మళ్ళీ గెలిస్తే ఏనుగును పెట్టుకుని గుర్రాన్ని తీసేస్తాను. అదీ గెలిచావనుకో, అన్నీ పెట్టుకుని ఆడదాం. మా నాన్న నాతో ఇలాగే ఆడేవారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మంత్రి లేని మనిషి మీద గెలవడం కూడా ఒక గెలుపేనా! చప్పున ముగించి పోదామని కూర్చున్నాను. మధ్యలో ఆమె లేచి వెళ్ళి పప్పు కుక్కరు దించి వచ్చింది. వచ్చి నిలబడే ఒక పావు జరిపింది. ఇంకాసేపటికి నా రాజు మూలకు చేరాడు, చెక్ పడింది. నేనేమీ కంగారు పడలేదు. రాజును ఎత్తి గుర్రం దూకినట్టు అవతలి గడిలో పెట్టాను.

"అదేంటి బాబూ?" అంది.

"ఒక్కసారి దుంకుతడు గదమ్మా రాజు."

పాస్టరమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. కొంగుతో తుడుచుకుని, నా రాజును ఉన్నచోటికి తెచ్చి నిలబెట్టింది. "మీ రాజు భలే హుషారే. కానీ ఇక్కడ దూకడు. ఆట కట్టు," అంది.

ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదని నా భార్య మీద అరిచాను. ఆమె గోడ మీద నుంచి అంతా చూసిందట. "కూరల ఉప్పు మంచిగనే ఉన్నది. నువ్వే ఓడిపోయి వచ్చినవ్," అంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. సిగ్గు లేదా అంటే లేదు. మంత్రి లేకుండా నన్ను చిత్తు చేసిన మనిషి పక్కింట్లో ఉంటే నాకు నిద్ర ఎలా పడుతుంది? పొద్దున డ్యూటీ చేసుకుని, మధ్యాహ్నం ఆ వరండాలో కూర్చోవడం అలవాటైంది. కూర్చోవడం, ఓడిపోవడం, లేవడం. ఆమె పాఠాలేమీ చెప్పేది కాదు. ఒక్కటే అడిగేది.

"ఇది ఎందుకు జరిపావు?"

"ఊకెనే జరిపిన."

"ఊరికే ఏంటి? దానికి పని చెప్పకుండానే పంపించావా?"

మొదట్లో ఆ మాటకు మండుకొచ్చేది. పోనుపోను పావు మీద చెయ్యి వేస్తే చాలు, ఆ మాటే చెవిలో వినబడేది. చెయ్యి వెనక్కి వచ్చేసేది. వానలు పడుతుండగా మంత్రి లేని పాస్టరమ్మను గెలిచాను. క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజుల్లో ఏనుగు లేని పాస్టరమ్మను గెలిచాను. గెలిచిన రెండుసార్లూ ఆమె "ఊఁ" అని, వెంటనే తరువాతి ఆటకు పావులు పేర్చింది.

ఈలోపు పార్కింగులో నా ఆట మారిపోయింది. పాత రూల్స్ ప్రకారమే ఆడినా, నా రాజును దూకించే అవసరమే రావడం లేదు. జల్‌పల్లి నుంచి వచ్చే ఒక డ్రైవరు పావులు విసిరేసి, "ఏందన్నా, గిట్ల గొంతు పిసుకుతున్నవ్? జర ఊపిరి తీసుకోనియ్," అన్నాడు. ఆ రోజంతా నేను గాల్లో తేలాను. అదే సాయంత్రం గుర్రం లేని పాస్టరమ్మ నన్ను నేలకు దించింది.

ఆ గుర్రం దగ్గరే ఆగిపోయాను. అలా ఆగి ఉండగా కబురు తెలిసింది, పాస్టరుగారికి బదిలీ అయింది. ఈస్టర్ పండుగ చేసి వెళ్ళిపోతారు. ఎక్కడో దూరం ఊరు.

అన్ని పావులతో ఆమె ఎలా ఆడుతుందో చూడకుండానే పంపించేయాలా? తగ్గించుకుని ఆడితేనే ఇంతుంటే, తగ్గించుకోకపోతే ఇంకెంత ఉంటుంది? నాకు గెలవాలని కూడా లేదు. చూడాలి, అంతే. సిగ్గు విడిచి అడిగాను.

"అమ్మా, ఎట్లయినా పోతున్నరు. ఒక్కసారి అన్నీ పెట్టుకొని ఆడుండ్రి."

"గెలువు, ఆడదాం," అంది.

"గెల్వకపోతే?"

"అయితే లేదు."

నాకు తిక్క లేచింది. నాలుగు రోజులు అటు తొంగి కూడా చూడలేదు. నా భార్య చూసి చూసి, "గట్లనే అల్గి కూసో. ఆమె సామాన్లు సదురుకుంటున్నది," అంది. చెప్పులు వేసుకుని పరిగెత్తాను.

ఈస్టర్‌కు ముందటి ఉపవాసాల శ్రమదినాలు కాబట్టి సాయంత్రాలు వాళ్ళకు ప్రార్థనలు. ఏ మధ్యాహ్నమో ఒక ఆట పడితే పడినట్టు. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం మర్నాడు ఒక ఆట నడుస్తోంది. ఆమె తన ఏనుగును తెచ్చి నా ఏనుగు ముందు పెట్టింది. కొట్టుకో అన్నట్టు ఉంది. వెనకటి నేనైతే కొట్టి తొడ చరిచేవాణ్ణి. చెయ్యి వేశాను, తీశాను. నా ఏనుగు అక్కణ్ణుంచి కదిలితే చివరి వరుసలో నా రాజు ఒంటరి, తప్పుకోవడానికి గడి లేదు. దాన్ని వదిలేసి, రాజు ముందున్న సిపాయిని ఒక్క గడి జరిపి దారి చేసుకున్నాను. ఆమె బోర్డును చాలాసేపు చూసింది. తరువాత ఆట ఎంతో దూరం సాగలేదు.

"ఈస్టర్ అయ్యాక రా," అంది. గెలిచింది నేను, ముఖం వెలిగింది ఆమెది.

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం వాకిట్లో సామాన్ల కోసం డీసీఎం వ్యాను నిలబడి ఉంది. బీరువా ఎక్కించారు, మంచాలు ఎక్కించారు. ఖాళీ వరండాలో పాస్టరమ్మ స్టూలు ఒక్కటే మిగిల్చింది. కింద చాప వేసి ఇద్దరం కూర్చున్నాం. మొదటిసారి ఆమె వైపు అన్ని పావులూ నిలబడ్డాయి.

ఆ ఆటను ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేను. ఆమె నా మీదికి రాలేదు. ఒక్క పావును కూడా కొట్టలేదు. ఏదో ఇల్లు సర్దుతున్నట్టు ఒక్కొక్కటీ తెచ్చి ఒక్కోచోట పెట్టింది, అంతే. ఒకచోట నేను మంత్రిని జరపబోతే జాగా లేదు. ఒంటెను తీయబోతే దారి లేదు. నా పావులన్నీ బతికే ఉన్నాయి, ఒకటి రెండు సిపాయిలు తప్ప ఏదీ కదిలే వీలు లేదు! అది ఎప్పుడు జరిగిందో, నా కళ్ళ ముందే ఎలా జరిగిందో తెలియలేదు. ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఓడిపోతున్నానని తెలుస్తూనే ఉంది, కోపం మాత్రం రాలేదు. నా జన్మలో అదే మొదటిసారి. ఇంకాసేపు ఓడిపోతూ ఉంటే బాగుండుననిపించింది.

"ఆట కట్టు," అంది మెల్లగా, తన గుర్రంతో నా రాజుకు చెక్ పెట్టి.

"ఇంకొక్కటి ఆడుదామమ్మా."

డీసీఎం డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా నాన్న పోయాక ఇలా ఆడటం ఇదే మొదటిసారి, బాబూ," అంది. "ఎవరితో ఆడను? ఎదురుగా మనిషి ఉండాలిగా."

ఇన్నాళ్ళూ ఆ ఒక్క ఆట కోసం నేనే కాచుకుని ఉన్నానని అనుకున్నాను. ఆమె ఎన్నేళ్ళుగానో కాచుకుని ఉంది. ఎవరూ దొరకక, పక్కింటి కోపిష్టి క్యాబ్ డ్రైవరును కూర్చోబెట్టి, ఒక్కో పావు డబ్బాలోంచి తీసి పెట్టుకుంటూ, తనకు ఎదురు కూర్చునే మనిషిని తనే తయారుచేసుకుంది. వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టబోయాను.

"అయ్యో, అలా చేయకూడదు బాబూ," అని గబుక్కున వెనక్కి జరిగింది. జరిగి, ఆట అయ్యాక ఎదుటి ఆటగాడికి ఇచ్చినట్టు చెయ్యి చాపింది.