పిస్తా డబ్బాలో పడని చీటీలు

కిందింటి సిన్యోరాతో నేను మాటలు మానేసి నాలుగు నెలలవుతోంది. మెట్ల మీద ఎదురైతే "మోర్గెన్" అంటుంది, నేనూ "మోర్గెన్" అంటాను. అంతే. నాలుగేళ్లు ఆవిడ వంటింట్లో సగం సంసారం చేసినదాన్ని, ఇప్పుడు పోస్టుమన్‌ని పలకరించినట్టు పలకరించి వచ్చేస్తున్నాను. మా అమ్మాయికి ఈ గొడవ పట్టదు. స్కూలు బ్యాగు గుమ్మంలో పడేసి "ఇష్ గే ట్సు నోన్నా" అంటూ కిందికి దిగిపోతుంది. నోన్నా దగ్గరికి పోతున్నానని జర్మన్‌లో చెప్పడం. నోన్నా అంటే ఇటాలియన్లో అమ్మమ్మ, సిన్యోరా అంటే అమ్మగారు. దాన్ని ఆపే మొహం నాకు లేదు.

హానోవర్ వచ్చిన కొత్తలో మాకు ఇల్లు దొరికింది, ఊరి ఆఫీసులో చిరునామా నమోదు, అదే అన్‌మెల్డుంగ్, అయింది, నాకు ఉద్యోగమూ మొదలైంది. పిల్లకి కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, సీటు మాత్రం దొరకలేదు. రెండేళ్లదాన్ని చంకనేసుకుని మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కింది తలుపు తెరుచుకుంది. "పిల్లని ఇలా ఇచ్చి నువ్వు ఆఫీసుకి పో" అందావిడ జర్మన్‌లో. అప్పటికే డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. తండ్రి ఇక్కడి ఫ్యాక్టరీలో పనికొస్తే ఆయన వెనకాలే చిన్నతనంలో ఇటలీ నుంచి వచ్చిందట. ఏడాదిన్నర నా కూతుర్ని సాకింది. అదేం రుణమో, నేను తీర్చగలిగేది కాదు. ఇప్పుడీ కోపంలో కూడా ఆ మాట అనకుండా ఉండలేను.

ఆవిడకి పిల్లా పీచూ లేరు. ఉన్నదల్లా పార్టీ. ఇటలీలో అదొక చిన్న పార్టీ, దానికి మా ఊళ్లో పాతికమంది కూడా లేని ఒక శాఖ. ముప్ఫై ఏళ్లుగా ఆ శాఖకి ఆవిడే కార్యదర్శి. చలికాలం రాగానే మా వీధి చివరి ఐస్‌క్రీం షాపాయన కొట్టు మూసి ఇటలీ వెళ్లిపోతూ తాళాలు ఈవిడ చేతిలో పెడతాడు. అక్కడే మీటింగులు. కుర్చీలు బల్లల మీంచి దించుకుని, కోట్లు విప్పకుండానే కూర్చుంటారు. ఏ విషయమైనా రహస్య ఓటే. చీటీలు వేసేది ఖాళీ పిస్తా ఐస్‌క్రీం డబ్బాలో.

ఇక్కడ నాకు ఓటు లేదు. ఇండియాలో ఉంది గానీ అది వెయ్యాలంటే ఊరికెళ్లి వేలికి సిరా పూయించుకోవాలి. సరిగ్గా పోలింగు నాటికి నాకు సెలవు దొరకాలి, జరిగే పనా అది! ఈ పార్టీలో చేరడానికి మాత్రం ఏ దేశమని అడగరని సిన్యోరా చెప్పింది. కార్డు తీసుకుంటే శాఖలో అందరితో సమానంగా ఓటు. చేరాను.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. "మనకు ఈడ ఓటే లేదు, ఇటలోల్ల పార్టీల చేరి ఏం జేస్తవే? సక్కగ జర్మన్ ఎగ్జామ్ రాస్కో" అన్నాడు. హైదరాబాదు మనిషి, ఏ పార్టీ పేరెత్తినా "అందరు గంతే" అని ఒక్క మాటలో తేల్చేస్తాడు.

నేను వేసిన మొదటి చీటీ దేని గురించో చెబితే మీరూ నవ్వుతారు. మీటింగు శనివారం పెట్టాలా, ఆదివారమా అని. ఆదివారం అని రాసి ఓడిపోయాను. ఓడిపోయి కూడా ఎంత సంతోషంగా ఇంటికొచ్చానో! నా ముక్క కూడా ఆ డబ్బాలోంచి తీసి, విప్పి, పైకి చదివారు మరి.

సిన్యోరా దగ్గర వారానికి రెండు రోజులు ఇటాలియన్ నేర్చుకున్నాను. పాఠాలకంటే పార్టీ కబుర్లే ఎక్కువ. అక్కడ ఎన్నికలొస్తే పార్టీ ఒక జాబితా పెడుతుందట. జాబితాలో పైనున్నవాళ్లు గెలుస్తారు, అడుగునున్నవాళ్లు జెండాలు మోస్తారు. ఆ వరస రాసేది నాయకుడొక్కడే. "కొత్తేముంది, మా దగ్గర బీ ఫారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దేవుళ్లు" అన్నాను. ముఖ్యమంత్రి పేరు ఢిల్లీ నుంచి సీల్డు కవర్లో వచ్చేదని చెబితే, అది నిజంగా కవరేనా, ఎవరు చించేవాళ్లు అని పట్టి పట్టి అడిగింది.

మా చిన్నమ్మ కథ కూడా అప్పుడే చెప్పాను. కరీంనగర్ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో చిన్నమ్మ వార్డు మెంబరుగా నామినేషన్ వేసింది. ఊరి పెద్దలకి ఏకగ్రీవం కావాలి. నలుగురు ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, "ఊరు బాగు కోసం తప్పుకో బిడ్డా" అని పట్టుచీర పెట్టి పోయారు. చిన్నమ్మ తప్పుకుంది. ఆ చీర ఆమె ఒక్కసారి కూడా కట్టలేదు. కట్టుకుంటే ఒప్పుకున్నట్టే కదా అనేది.

సిన్యోరా చేతిలో గరిటె బల్లకేసి కొట్టింది. "నా దగ్గరికి వచ్చి ఉంటే ఆ చీరతోనే వాళ్ల మెడకి ఉరేసేదాన్ని. మా శాఖలో అలాంటిది నా కంఠంలో ప్రాణముండగా జరగదు!" నేనేమో మురిసిపోయాను. ఆ ఊపులోనే మా తెలుగువాళ్ల మీటింగుల గురించి కూడా నవ్విస్తూ చెప్పాను. మేం స్టేజీ మీదికి ఎవరొచ్చినా చప్పట్లు కొడతాం, మైకు టెస్టు చేసేవాడికి కూడా కొడతాం, చేతులు వాటంతటవే లేస్తాయి అని. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

పోయిన చలికాలం రోమ్‌లో పార్టీ మహాసభ వచ్చింది. ఒక్కో శాఖ ఒక్కో ప్రతినిధిని ఎన్నుకుని పంపాలి. ప్రతినిధికి మైకు ముందు మూడు నిమిషాలిస్తారు. "ఈసారి నువ్వు వెళ్లు" అంది సిన్యోరా. "నేను అడిగీ అడిగీ అలసిపోయాను. నువ్వు మొండిదానివి. జాబితా సభ్యులు రాయాలి, నాయకుడు కాదు అని వాళ్ల మొహం మీద చెప్పిరా." నవంబరు మీటింగులో నా పేరు ఆవిడే చెప్పింది. అందరూ తలూపారు. చీటీల ఓటు డిసెంబరులో అనుకున్నారు.

ఆ నెల రోజులూ నేను ఈ లోకంలో లేను. ఒక పేజీ ఇటాలియన్ రాయడానికి పదకొండు పేజీలు చించాను. సిన్యోరా దిద్దింది, నేను మళ్లీ రాశాను. ట్రాములో గొణుక్కునేదాన్ని. ఆఫీసులో మూడు రోజుల సెలవు కూడా పెట్టేశాను. మా ఆయన కూడా ఫోన్లో టైము పెట్టి, "మూడు నిమిషాల ఇరవై సెకన్లయింది, జర తగ్గియ్యి" అనేదాకా వచ్చాడు. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా?

డిసెంబరు శనివారం నేనే ముందుగా వెళ్లి హీటరు వేశాను. చీటీలు నేనే కత్తిరించాను. పిస్తా డబ్బా తుడిచి బల్ల మీద పెట్టాను. మీటింగు మినిట్స్ ఎప్పుడూ నేనే రాస్తాను కాబట్టి లాప్‌టాప్ తెరుచుకుని ముందు వరసలో కూర్చున్నాను. మా అమ్మాయి మూల బల్ల దగ్గర బొమ్మలేసుకుంటోంది.

సిన్యోరా ఒక కొత్త మనిషితో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మెడలో మంచి మఫ్లరు. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఏదో మీడియా ఆఫీసులో పెద్ద ఉద్యోగమట, పోయిన నెలలోనే సభ్యత్వం మా శాఖకి మార్చుకున్నాడట. "ఇంత చలిలో అంత దూరం నుంచి మనల్ని చూడ్డానికి వచ్చారు" అని ఆయన చదువూ, పనీ, పార్టీ కోసం చేసినవీ చెప్పి, "వీరికి స్వాగతం" అంది. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. అతిథి కదా, నేనూ కొట్టాను. గట్టిగానే కొట్టాను.

చప్పట్లు ఆగాయి. సిన్యోరా నా వైపు చూడకుండా, "మీ చప్పట్లే మీ మాట. మన ప్రతినిధిగా వీరు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టే" అంది.

నాకు ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. భాష రాక కాదు, ఒక్కో మాటా అర్థమైంది. ఆ మాటలు ఆవిడ నోట్లోంచి రావడమే అర్థం కాలేదు. లేచి నిలబడ్డాను. "డబ్బా ఇక్కడే ఉంది కదా! చీటీలున్నాయి కదా! నా పేరేమైంది?" అన్నాను. ఒక్కరూ తలెత్తలేదు. ఒకాయన కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నవంబరులో తలూపిన తలలే అవన్నీ.

సిన్యోరా మెల్లగా, చాలా మెల్లగా, "నువ్వూ కొట్టావు కదా, బంగారం. అందరూ చూశారు" అంది.

నా చేతులు వాటంతటవే లేస్తాయని ఆవిడకి తెలుసు. చెప్పింది నేనే! నవ్వుతూ, నవ్విస్తూ, నేనే చెప్పాను.

మఫ్లరాయన దగ్గరికొచ్చి, మీరేదో రాసుకున్నారట, ఇస్తే నేను చదువుతాను అన్నాడు. వినయంగానే అడిగాడు పాపం. నేను లాప్‌టాప్ మూసేసి, పిల్లని లాక్కుని వచ్చేశాను.

రెండో రోజు మెట్ల మీద పట్టుకుని ఆవిడ చెప్పుకుంది. పార్టీ పైవాళ్లు ఫోన్ చేశారట. ఈ మనిషిని పంపకపోతే మీ శాఖ మూసేసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలిపేస్తామన్నారట. "ముప్ఫై ఏళ్లు" అంది. "అది తప్ప నాకేముంది?" కళ్లనిండా నీళ్లు. చూస్తే నాకూ ఏడుపొచ్చింది, దాని మీద కోపం ముంచుకొచ్చింది. "నాతో ఒక్క మాట అంటే నేనే తప్పుకునేదాన్ని కదా! మా ఊరి పెద్దలు ఎంత పనికిమాలినవాళ్లయినా ఇంటికొచ్చి అడిగారు. మీరు అడగను కూడా అడగలేదు" అన్నాను. ఆవిడ రైలింగు పట్టుకుని నిలబడిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మమ్మ అనేది. కంచే చేను మేసింది, ఇంకెవరితో చెప్పుకోను?

వారానికి మినిట్స్ ఈమెయిల్లో వచ్చాయి. నేను రాయలేదు కాబట్టి ఆవిడే రాసుకుంది. "సభ్యులందరి హర్షధ్వానాల మధ్య, ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా" అని ఉంది. అడుగున, రాసినవారు అన్నచోట నా పేరుంది.

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఒక గాజు పళ్లెం. వంకాయ ముక్కలూ చీజూ పొరలు పొరలుగా పేర్చి కాల్చింది. మా ఇంట్లో అందరికీ ప్రాణం అది. నేను ముట్టుకోలేదు. తర్వాత కిందికి ఎత్తుకెళ్లి తిరిగిచ్చెయ్యాలనుకుని బూట్లు విప్పుతున్నాను, ఈలోపు కూతురు లోపలికి తీసుకెళ్లింది.

ఆదివారం చిన్నమ్మతో వీడియో కాల్లో మొత్తం చెప్పి ఏడ్చాను. చిన్నమ్మ అడ్డు రాకుండా విన్నది. తర్వాత అడిగింది.

"గా ముసలామె నీకేమన్న పెట్టిందా?"

"చీర గాదు చిన్నమ్మా. వంకాయ కూర వంటిది పెట్టిపోయింది."

"తిన్నవా?"

"నేను తినలే. పిల్ల తిన్నది."

తెర మీద ఆమె వెనక బీరువా కనిపిస్తోంది. ఆ చీర అందులోనే ఎక్కడో ఉంటుంది.

"అయితే ఇగ అయిపాయె తియ్యి, బిడ్డా" అంది. "పళ్లెం కడిగి ఇచ్చెయ్యి."